దసరా నాడు మూసిన ల్యాప్‌టాప్

ఇప్పటి పిల్లలకు చెబితే నవ్వుతారు గానీ, నేను చదువుకునే రోజుల్లో ల్యాప్‌టాప్ అంటే ఇంట్లో ఇంకొక మనిషి కింద లెక్క. దానికి ఒక చోటు, కప్పడానికి ఒక తువ్వాల, ఎవరైనా చెయ్యి వేస్తే "ఎవరది?" అని అడిగే దిక్కూ ఉండేవి. నేను అప్పుడు యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేస్తున్నాను. (చేస్తున్నానని ఇంట్లోవాళ్లు అనుకుంటున్నారు అంటే ఇంకాస్త నిజం.) చెరువుల కింద సేద్యం మీద పరిశోధన. క్యాంపస్ హాస్టల్లో మంచం దొరికింది గానీ, మెస్సు చారుతో మూడు నెలలు కాపురం చేశాక బ్యాగు సర్దుకుని తార్నాకలో మా మేనత్త ఇంట్లో దిగిపోయాను. "ఒక్క నెల ఉంట అత్తమ్మా" అన్నాను. "ఉండు బిడ్డా, ఎవలొద్దన్నరు" అంది. అయిదేళ్లు ఉన్నాను. ఆ అయిదేళ్లలో ఒక్కసారి కూడా ఆ "నెల" మాట ఎత్తలేదు ఆమె. ఇది ఎందుకు చెబుతున్నానంటే, అలాంటి మనిషికి నేను చేసిన ఘనకార్యం ఎలాంటిదో మీకు ముందే తెలియాలి.

అత్తమ్మకు రెండు గట్టి నమ్మకాలు ఉండేవి. ఒకటి, కొత్త వస్తువు మీది కవరు తీయకూడదు. తీస్తే అది పాతదైపోతుంది. వాళ్ల ఫ్రిజ్ తలుపు మీది పలచటి ప్లాస్టిక్ పొర పదేళ్లకు పసుపు రంగుకు తిరిగింది తప్ప ఊడలేదు. టీవీ రిమోట్ కవరులోనే పుట్టి కవరులోనే ముసలిదైంది. సోఫాలో కూర్చుంటే ఎండాకాలం మనిషి అతుక్కుపోయేవాడు. రెండో నమ్మకం, అన్నం పెట్టే పనిముట్టుకు ఏడాదికి ఒక్కరోజైనా దండం పెట్టాలి, ఆ రోజు దానికి సెలవివ్వాలి. అందుకని దసరా నాడు ఆయుధపూజకు మామ పానాల సంచి, స్క్రూడ్రైవర్లు, అత్తమ్మ కుట్టు మిషను, కత్తిపీట, బయట స్కూటరు, అన్నీ స్నానం చేసి బొట్టు పెట్టుకుని తయారయ్యేవి. (మామ రైల్వేలో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో చెడిపోని వస్తువులను కూడా బాగుచేస్తుండేవాడు.)

నేను ల్యాప్‌టాప్ కొనుక్కున్న ఏడాది దసరాకు అత్తమ్మ నా గది గుమ్మంలో నిలబడింది. "నీ ఆయుధం ఏది బిడ్డా?" నేను మొహమాటపడుతూ ల్యాప్‌టాప్ తెచ్చి పీట మీద పెట్టాను. "మూసిపెడితే దేవుడు ఏం చూస్తడు? తెరువు," అంది. తెరిచాను. స్క్రీను పైఅంచుకు గంధం, కుంకుమ. కీబోర్డు మీద రెండు అక్షింతలు, ఒక బంతిపువ్వు, మధ్యలో తమలపాకు, ఆకు మీద వక్క. హారతి ఇచ్చి నా వైపు తిరిగి, "రేపు పొద్దుగాల దాంక దీన్ని ముట్టద్దు. ఇయ్యాల దానికి రెస్ట్. సమజైందా?" అంది. నేను బుద్ధిమంతుడిలా తల ఊపాను. తల ఊపడంలో నాకు అప్పటికే డాక్టరేటు ఉంది.

కానీ వచ్చే సోమవారం నా ప్రీ-సబ్మిషన్ సెమినార్. డిపార్ట్‌మెంట్ అంతా కూర్చుంటుంది, మా గైడ్ మేడమ్ ముందు వరసలో ఉంటారు, నేను తెర మీద నా నాలుగేళ్ల పని చూపించాలి. అది గట్టెక్కితే థీసిస్ ఇవ్వచ్చు, తప్పితే ఇంకో ఆర్నెల్లు. మేడమ్ అప్పటికే రెండుసార్లు వాయిదా వేయించారు. మూడోసారి అడిగితే ఏమంటారో అడిగి చూసే ధైర్యం నాకు లేదు. ఆ రోజు బుధవారం. నాలుగో అధ్యాయం స్లైడ్లు ఒక్కటీ కాలేదు. సాయంత్రం అత్తమ్మ, మామ జమ్మి ఆకు పంచడానికి పక్కింటికి వెళ్లారు. నేను, పీట మీద తెరుచుకుని ఉన్న ల్యాప్‌టాప్, ఇద్దరమే మిగిలాం. "ఒక్క స్లైడ్. దేవుడు కూడా పక్కింటికే పోయి ఉంటాడు" అనుకున్నాను. ఆకును వక్కతో సహా మెల్లగా కీబోర్డు మీదే కుడి మూలకు జరిపి, బంతిపువ్వు చెవిలో పెట్టుకుని (నిజం, ఎక్కడ పెట్టాలో తోచలేదు) మొదలుపెట్టాను.

ఒక స్లైడ్ మూడైంది. నాలుగోదానిలో ఉండగా గేటు కిర్రుమంది. నాకు ఆ క్షణంలో తోచింది ఒక్కటే, మూసేయాలి. ల్యాప్‌టాప్ మూతను చటుక్కున దించాను. అది పూర్తిగా పడలేదు. మధ్యలో ఏదో అడ్డం. హాస్టల్లో ట్రంకు పెట్టె మీద కూర్చుని మూసిన చేతులు కదా, ఇంకాస్త నొక్కాను. 'టిక్' అని చిన్న చప్పుడు. పెద్ద చప్పుడైతే భయపడేవాణ్ణి. చిన్నదే కదా అని గదిలోకి పరిగెత్తి దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను. అత్తమ్మ గుమ్మంలోకి వచ్చి, "పండుగ పూట గిప్పుడు పండుడేంది బిడ్డా?" అని, నా చెవిలోంచి బంతిపువ్వు తీసి తీసుకుపోయింది.

పొద్దున అందరికంటే ముందు లేచి, పీట దగ్గరకు వెళ్లి మూత ఎత్తాను. తమలపాకు నలిగిపోయి ఉంది. దాని మీద కీబోర్డు గడులు గడులుగా అచ్చు పడ్డాయి. మధ్యలో వక్క చెక్కుచెదరకుండా ఉంది. చెదిరింది స్క్రీను. కుడివైపు సగం సిరా ఒలికినట్టు నల్లగా, మిగతా సగంలో రంగు రంగుల గీతలు. వక్కను పూజ పళ్లెంలో పడేశాను. ఆకును నలిపి వంటింటి చెత్తబుట్టలో అడుగుకు తోశాను. తర్వాత ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఏడుపు ఆపుకుంటున్నాను. నిజంగానే ఏడుపు వచ్చింది. సోమవారం నా నాలుగేళ్లూ ఆ నల్లమచ్చ వెనకే ఉండిపోతాయనిపించింది.

మామ వచ్చి ల్యాప్‌టాప్ చూశాడు, నన్ను చూశాడు. "ఏమైంది అల్లుడా?" ఇక్కడే నేను చేసిన పని. "నిన్న పూజలో వక్క పెట్టింది గద మామ, అత్తమ్మ... అది తగిలి..." అని ఆపేశాను. అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. వక్క పెట్టింది అత్తమ్మే, తగిలింది వక్కే. మధ్యలో నా చేతులు ఉన్నాయన్నది మాత్రం నేను చెప్పలేదు, మామ అడగలేదు. మామ ముఖం ఇంత చిన్నదైంది. "అయ్యో," అన్నాడు. "మీ అత్తకు చెప్పకు. నా పూజతోని పిలగాని చదువు ఆగిందని మూడు దినాలు ముద్ద ముట్టది. మనమే జేద్దాం, ఆమెకు ఎరుక గాకుండ." ఎవరినో కాపాడుతున్న వీరుడిలా నా భుజం తట్టాడు. నేను కూడా అంతే వీరుడిలా తల ఊపాను. (చెప్పాను కదా, డాక్టరేటు.)

శుక్రవారం మామ స్కూటరు మీద సికింద్రాబాద్ పోయాం. ఒక మెట్ల కింది దుకాణంలో కుర్చీలోంచి లేవకుండానే మోడలు చూసి, వెనక అరలోంచి కొత్త స్క్రీను తీసి ఇచ్చాడు దుకాణదారు. "ఇక్కడే పెట్టియ్యమంటే మంగళవారం అయితది అంకుల్. పండుగ రష్ ఉన్నది." మంగళవారమంటే నా సెమినార్ అయిపోయిన మర్నాడు. మామ మాత్రం మీసం సవరించుకున్నాడు. "ముప్పై ఏండ్లు రైలు డబ్బలు విప్పి బిగించిన. గీ పలక విప్పలేనా? ఇంట్లనే జేస్తం." "మెల్లగ అంకుల్, స్క్రీన్ వంచద్దు, తీగ గుంజద్దు," అన్నాడు దుకాణదారు జాలిగా. ఆ జాలి మా ఇద్దరిలో ఎవరి మీదో నాకు అప్పుడు అర్థం కాలేదు.

శనివారం సాయంత్రం అత్తమ్మ మల్కాజ్‌గిరిలో ఆడపడుచు ఇంటికి పోతున్నానని, రాత్రికి వస్తానని చెప్పి బస్సెక్కింది. ఆమె సందు మలుపు తిరగగానే ఆపరేషన్ మొదలైంది. మాణికేశ్వర్ నగర్‌లో గది తీసుకుని ఉండే నా క్లాస్‌మేటును కూడా పిలిచాను. అతణ్ణి క్యాంపస్‌లో అందరం 'డాక్టర్ సాబ్' అనేవాళ్లం. ఎవరి కంప్యూటర్ జబ్బు పడినా అతనే చూసేవాడు. చాలా వరకు బతకలేదు గానీ, చూసినందుకు ఎవరూ తప్పుపట్టలేదు. డైనింగ్ టేబుల్ మీద దుప్పటి పరిచి ల్యాప్‌టాప్‌ను పడుకోబెట్టాం. డాక్టర్ సాబ్ ఫోనులో ఒక వీడియో పెట్టాడు. అందులో మనిషి ముఖం కనబడదు, చేతులు మాత్రమే. ఆ చేతులు ఆరు నిమిషాల్లో పని ముగించి వెళ్లిపోయాయి. మేము ఆరు నిమిషాలకు మొదటి స్క్రూ ఏదో తేల్చుకోలేకపోయాం.

"ముందుగాల బ్యాటరీ తియ్యాలె," అన్నాడు డాక్టర్ సాబ్. తీశాం. "ఇప్పుడు స్క్రీన్ చుట్టున్న ఫ్రేమ్ ఊడదియ్యాలె. పలచటి ప్లాస్టిక్ ముక్క గావాలె." నేను నా స్టూడెంట్ బస్ పాస్ ఇచ్చాను. ఫ్రేము సందులో దాన్ని దూర్చి మామ ఒక్కో క్లిప్పు లేపుతుంటే 'టప్' 'టప్' మని చప్పుడు. ప్రతి 'టప్'కూ నేను కళ్లు మూసుకున్నాను. "రైలు డబ్బలకు గిట్ల సన్నటి పనులు ఉండయి," అని మామ గొణిగాడు. ఫ్రేము వచ్చేసింది, బస్ పాస్ మీద నా ఫోటో సగానికి చిరిగింది. (తర్వాత ఆర్నెల్లు కండక్టర్లు ఆ ఫోటోను, నన్ను మార్చి మార్చి చూశారు.) స్క్రీనును పట్టి ఉంచే నాలుగు స్క్రూలు తీశాం. ఒక్కోటి ఆవగింజ అంత. మామ వర్క్‌షాపు పద్ధతిలో వాటిని నాలుగు చట్నీ గిన్నెల్లో వరసగా పెట్టించాడు. "ఏ మూలది ఆ మూలకే పోవాలె. గది క్రమశిక్షణ," అన్నాడు. అలా అంటూ లేచి మోచేత్తో ఒక గిన్నెను కింద పడేశాడు. ముగ్గురం నేల మీద పాకాం. గిన్నె దొరికింది.

నేల మీద నుంచి లేస్తుండగానే తలుపు తెరుచుకుంది. అత్తమ్మ. "ఫోన్ జెయ్యకుండ పోయిన, ఆళ్లింటికి తాళం ఉండె," అంటూ చెప్పులు విడిచింది. మామ చటుక్కున టేబుల్ మీద తువ్వాల కప్పాడు. తువ్వాల కింద నుంచి తీగలు, ఫ్రేము కొసలు పొడుచుకొచ్చాయి. అత్తమ్మ టేబుల్‌ను, మా ముగ్గురి మోకాళ్ల దుమ్మును చూసి, "ఏంది, కోడిని కోస్తున్రా?" అంది. "సర్వీసింగ్," అన్నాడు మామ. "ఊఁ," అంది అత్తమ్మ. "పండుగ అయిన మూడో దినానికే సర్వీసింగ్ వచ్చిందా?" ఆమె చిక్కుడుకాయల గిన్నె తెచ్చుకుని ఎదురుగా సోఫాలో కూర్చుని ఈనెలు తీయడం మొదలుపెట్టింది. అలాంటి పరీక్షకులు నా సెమినార్‌లో కూడా లేరు.

ఇక దాచేదేముంది, తువ్వాల తీశాం. పాత స్క్రీనును మెల్లగా ముందుకు వాల్చి, వెనక అతికించిన టేపు లేపి, తీగ ఊడదీశాం. అది మాత్రం డాక్టర్ సాబ్ బంగారంలా చేశాడు, కాదనను. కొత్తదానికి తీగ గుచ్చి, మూడు మూలలు మూడు స్క్రూలతో బిగించి, నాలుగో మూలకు మామ టేపు అతికించాడు. "మూడు కాళ్ల పీట నిలబడ్తలేదా?" అన్నాడు ఎవరూ అడగకముందే. బ్యాటరీ పెట్టి బటన్ నొక్కాను. స్క్రీను వెలిగింది. నల్లమచ్చ లేదు, గీతలు లేవు. కానీ నా స్లైడ్లు తెరిస్తే అంతా మసక. పొగమంచులో మొదటి బస్సులా అక్షరాలు ఉన్నాయో లేవో అన్నట్టు కనబడ్డాయి. "ప్యానెల్ డిఫెక్ట్," అన్నాడు డాక్టర్ సాబ్, రోగి బంధువులకు చెప్పే గొంతుతో. మామ స్కూటరు తాళం చేతిలోకి తీసుకున్నాడు. "మోసం జేసిండు. ఆనితోని ఇప్పుడే తేల్చుకుంట." అప్పటికి దుకాణాలు మూసే వేళ దగ్గరపడుతోంది, మర్నాడు ఆదివారం. నేను కుర్చీలో కూలబడ్డాను. సోమవారం మేడమ్ ముఖం కళ్ల ముందు తిరిగింది.

అత్తమ్మ చిక్కుడుకాయల గిన్నె పక్కన పెట్టింది. లేచి వచ్చి కొంగుకు చేతులు తుడుచుకుంది. స్క్రీను కుడి మూలన గోటితో రెండుసార్లు గీకింది, మేము ముగ్గురం "అయ్యో, వద్దు వద్దు" అంటుండగానే ఒక కొస పట్టుకుని సర్రున లాగింది. పలచటి ప్లాస్టిక్ పొర, కొత్త స్క్రీను మీద దుమ్ము పడకుండా వేసినది, మొత్తం ఊడి ఆమె చేతిలోకి వచ్చింది. కింద స్క్రీను తళతళలాడింది. నా నాలుగో అధ్యాయం మొదటి స్లైడ్, చెరువు బొమ్మతో సహా, ఎంతో నిమ్మళంగా వెలుగుతోంది. "కవర్ మీదికెళ్లి చూసుకుంట డిఫెక్ట్ అంటున్రు," అంది అత్తమ్మ. "ముగ్గురు సదువుకున్నోళ్లు." మామను కూడా చదువుకున్నవాళ్లలో కలిపేసింది, కోపం వస్తే ఆమె అలాగే గౌరవించేది. ఆ ఇంట్లో ఆమె తన చేత్తో కవరు తీయడం నేను చూసింది అదొక్కసారే. ఆ పొరను కూడా పారేయలేదు, మడిచి దేవుని అర అడుగున పరిచింది. చాలా ఏళ్లు అక్కడే ఉంది.

సోమవారం పొద్దున నేను బయల్దేరుతుంటే గుమ్మంలో ఆపి, మూసిన ల్యాప్‌టాప్ వీపు మీద చిన్న కుంకుమ బొట్టు పెట్టింది. వక్క లేదు, ఆకు లేదు. సెమినార్ బాగానే అయింది. మధ్యలో స్క్రీను నాలుగో మూల కొంచెం గలగలలాడితే మేడమ్ కళ్లద్దాల పైనుంచి చూశారు. నేను దగ్గినట్టు చేసి కప్పిపుచ్చాను. బయటకు రాగానే మామకు ఫోన్ చేశాను. "గెలిచినం గద," అన్నాడు. "మీ అత్తకు ఏమీ ఎరుక లేదు. మంచిగైంది."

తర్వాతి దసరా వచ్చింది. థీసిస్ ఇచ్చేశాను, వైవా కోసం చూస్తున్నాను. అత్తమ్మ యథాప్రకారం పీట వేసింది, నేను ల్యాప్‌టాప్ తెరిచి పెట్టాను. బొట్టు పెట్టింది, అక్షింతలు వేసింది. తమలపాకు, వక్క మాత్రం పక్కన వేరే పళ్లెంలో పెట్టింది. మామ నన్ను గోడ వైపు లాక్కుపోయి, "ఆమెకు ఎవలు జెప్పిన్రు? నువ్వేనా?" అన్నాడు గుసగుసగా. ముఖం మళ్లీ ఆ రోజులా ఇంత చిన్నదైంది. అప్పుడు అర్థమైంది నాకు, ఆ మనిషి ఏడాదిగా తన భార్య చేయని తప్పును గుండెల్లో పెట్టుకుని మోస్తున్నాడని. సిగ్గేసింది. ఇక ఉండబట్టలేకపోయాను.

"అత్తమ్మా, పోయినేడు స్క్రీన్ నీ పూజతోని పగల్లే. నువ్వు ముట్టద్దన్నంక నేనే ముట్టిన. గేటు చప్పుడైతే భయపడి మూసిన."

అత్తమ్మ అగరొత్తి వెలిగిస్తూ తల ఎత్తలేదు. "ఎరుకే," అంది.

"ఎట్లెరుక?" అన్నాడు మామ, నాకంటే ముందు.

"నేను తెరిచి పోయిన. వచ్చేసరికి మూసుండె. దేవుడొచ్చి మూసిండా?" అగరొత్తి అరటిపండుకు గుచ్చింది. "పూవు సూస్తే వీని చెవుల ఉండె. ఆకు సూస్తే చెత్తబుట్టల ఉండె, గడులు గడులు పడి. పూజ ఆకు చెట్టు మొదట్ల ఎయ్యాలెగని చెత్తల ఎస్తరా ఎవలన్న?"

"మరి అప్పుడే అడగకపోతివి," అన్నాను.

"సోమారం పరీక్ష ఉన్నదంటివి. అడిగితే ఏడుస్తవని ఊకున్న." తర్వాత పక్కన పళ్లెం చూపించింది. "నీకు మూసుడు అలవాటైంది. అందుకని వక్క జరిపి పెట్టుడు నేను అలవాటు జేసుకున్న."

మామ కుర్చీలో కూర్చున్నాడు. "అంటే యాడాది సంది నేను ఊకెనే భయపడ్డనా?" అన్నాడు. "నాకన్న జెప్పకపోతివి." "నువ్వు నాకు జెప్పినవా?" అంది అత్తమ్మ. ఆమె కుంకుమ భరిణ మూత తీసి, లోపలి నుంచి ఎర్రటి ఆవగింజ లాంటిది ఒకటి తీసి నా అరచేతిలో పెట్టింది. నాలుగో స్క్రూ. "ఊడుస్తుంటే సోఫా కింద దొరికింది. నీ ఆయుధంది గద, పారేస్తమా? రేపు పెట్టుకో. ఇయ్యాల ముట్టద్దు." ఆ రాత్రి ల్యాప్‌టాప్ పీట మీద తెరుచుకునే ఉంది. నేను దాని దరిదాపులకు పోలేదు. మర్నాడు మామ ఆ స్క్రూను కుంకుమతో సహా బిగించాడు, గలగల ఆగిపోయింది.

ఇప్పుడు నేను రామంతాపూర్‌లో ఉంటున్నాను, కాలేజీలో పాఠాలు చెబుతాను, నా దగ్గరా ఇద్దరు రీసెర్చ్ స్కాలర్లు వాయిదాలు అడుగుతుంటారు. ఆ పాత ల్యాప్‌టాప్ వెలగడం మానేసి చాలా ఏళ్లయింది గానీ, దసరాకు కొత్తదాని పక్కన దాన్నీ తెరిచి పెడతాను. వక్క వేరే పళ్లెంలో. మొన్న పండగ సాయంత్రం నా విద్యార్థి ఒకడు ఫోన్ చేసి, "సార్, ఒక్క ఫైల్, అయిదు నిమిషాలు, రేపే సెమినార్" అన్నాడు. పాపం అనిపించింది. అతని మీదో, అతని వయసులో ఉన్న నా మీదో తెలియదు. ఇంట్లో ఎవరూ లేరు. పీట ముందు కూర్చుని బంతిపువ్వు తీశాను. అప్పుడే మళ్లీ ఫోన్ మోగింది.

"ఏం జేస్తున్నవు బిడ్డా?" అంది అత్తమ్మ. ప్రతి దసరాకూ ఆ వేళకే చేస్తుంది. "తెరిచే ఉన్నదా?"

ఇంత వయసొచ్చి, ఇంతమందికి పాఠాలు చెబుతూ, నా చెయ్యి మూత మీదికి పోయి ఉంది.

"తెరిచే ఉన్నదత్తమ్మా," అన్నాను, చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుంటూ.

"పువ్వు?"

చెవి తడుముకున్నాను.